రెండు కాళ్లకు రెండు రకాల బూట్లు

ముందుగా క్షమించాలి. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు, దీర్ఘాలు పడాల్సిన చోట పడవు. ఊరి బడిలో నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. అచ్చు వేసేవారు దిద్దుకుంటారని నమ్మి రాస్తున్నాను. నాకు మాట్లాడటమే తక్కువ, రాయడం ఇంకా తక్కువ. అయినా ఈ మనిషి గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరనిపించింది.

మా అల్లుడు పోయాడు. పోయిన నెల ఒక ఆదివారం, చర్చి విడిచే వేళకు, కంపెనీలో ఆయనతో పనిచేసే ఒకతను స్కూటర్ మీద నారపల్లి వచ్చాడు. నేను మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటున్నాను. "పెద్దాయనా, మీ అల్లుడు పొద్దుగాల దవాఖానల కన్ను మూసిండు" అన్నాడు. కామెర్లు ముదిరాయని తెలుసు. డాక్టర్లు ఆశ వదిలేశారనీ తెలుసు. తెలిసినా విన్నప్పుడు తెలియనట్టే ఉంటుంది. ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ పెట్టుకుని స్కూటర్ ఎక్కానని ఉప్పల్ దాటాక గాని చూసుకోలేదు.

ఆయన నాచారంలో బూట్లు చేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. పరుగెత్తేవాళ్లు వేసుకునే బూట్లు. ఆయన పని వాటిని తొడుక్కుని పరుగెత్తడం. అది కూడా ఒక పనేనా అని మీరు అనుకుంటారు. మా ఇంట్లోనూ అనుకున్నారు. దానివల్లే ఆ సంబంధం దాదాపు చెడిపోయింది.

సంబంధం చెప్పింది మా పాస్టరుగారి భార్య. పిల్లవాడు నల్గొండ వైపు నుంచి వచ్చాడనీ, తల్లిదండ్రులు లేరనీ, నెమ్మదస్తుడనీ చెప్పింది. మా వైపు పిల్లను ఇచ్చే ముందు మేనమామ వెళ్లి పిల్లవాడిని చూసి రావాలి. ఆయన సరేనంటేనే మాట ముందుకు సాగుతుంది. మా బామ్మర్ది ఎండాకాలం మిట్ట మధ్యాహ్నం నాచారం వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా అరుగు మీద కూలబడ్డాడు.

"బావా, పిల్లను బాయిల తోసినా మంచిదే గని వానికియ్యకు."

"ఏమైంది?"

"ఏమైందా? నెత్తి పగిలే ఎండ. వాడు రోడ్డు మీద ఉరుకుతుండు. ఎనుక పోలీసోడు లేడు, ముందల బస్సు లేదు. ఒక కాలుకు తెల్ల బూటు, ఒక కాలుకు నీలం బూటు. కుక్కలు గూడ మొరుగుత లేవు, అలవాటైపోయినట్టున్నది. చాయ్ బండోన్ని అడిగితె, రోజూ గంతే అన్నడు."

మా ఇంటిది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చో ఏడుపు వచ్చో తెలియలేదు. సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాం. కాని మా బిడ్డ లోపల బియ్యం చెరుగుతూ అన్నీ వింటోంది. చాట పక్కన పెట్టి వచ్చింది.

"మామ కండ్లతోటి నేను కాపురం జెయ్య. నువ్వు పోయి సూసిరా నాయినా. నువ్వు వద్దంటె వద్దు."

అంత మాట నా మీద పెట్టింది. సరేనని ఇస్తే బిడ్డ బతుకు ఏమవుతుందో తెలియదు. వద్దంటే, ఆ పిల్లవాడు మంచివాడే అయితే, ఆ పాపం నాది.

మర్నాడు సొరకాయల గంప ఉప్పల్‌లో దించి, నడుచుకుంటూ నాచారం వెళ్లాను. కంపెనీ గేటు ఎదురుగా చాయ్ బండి. నేను అడగకముందే బండాయన రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "అగో, మా రైలింజను వస్తుండు."

సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఆయాసపడుతున్నట్టు లేడు. కల్వర్టు మీద కూర్చుని లేసులు విప్పాడు. గేటు లోపలి నుంచి కళ్లద్దాల ఆయన ఒకరు వచ్చి నిలబడ్డారు. ఇతను కళ్లు మూసుకుని, ఎక్కడో దూరంగా ఉన్నదాన్ని గుర్తు తెచ్చుకుంటున్నట్టు చెప్పాడు.

"ఎడమది మడమకాడ పూర్తిగ అణిగిపోతుంది సార్. నేల తాకుతుంది. కుడిది మడమకాడ మంచిగుంది గని మలుపు తిరిగేటప్పుడు చీలమండ ఊగుతుంది. రేపు ఎడమదాని మెత్త కుడిదాంట్ల, కుడిదాని మెత్త ఎడమదాంట్ల ఎయ్యిమని చెప్పుండ్రి. అప్పుడు గాని నమ్మొద్దు."

ఆయన తలూపి లోపలికి పోయారు. నాకు ఏదో కొంచెం అర్థమైనట్టయింది. నేను నారపల్లి నుంచి వచ్చానని చెప్పాను. అంతే, అతను లేచి నిలబడి, నాకు స్టూలు తెచ్చి వేశాడు.

"మీ బామ్మర్ది వచ్చి పోయిండ్రట. చాయ్ అన్న చెప్పిండు. నాకు పిచ్చి లేదు అని నేను చెప్పుకోవచ్చు. గని పిచ్చోడు గూడ గదే చెప్తడు. గందుకే ఏం చెప్ప. మీరే తొడుక్కొని సూడుండ్రి."

నా పాదాలు చూసుకున్నాను. పగుళ్లు, పగుళ్ల నిండా మడి బురద. పుట్టినప్పటి నుంచి బూటు తొడిగిన కాళ్లు కావు అవి. సిగ్గుతో వెనక్కి లాక్కున్నాను. అతను చాయ్ బండి దగ్గర మగ్గుతో నీళ్లు తెచ్చి, వద్దంటున్నా వినకుండా నా కాళ్లు కడిగి తన తువ్వాలుతో తుడిచాడు.

చాయ్ బండాయన నవ్వాడు. "ఏందయ్యా, ఉల్టా నడుస్తుంది ఈడ? మామ గద అల్లుని కాళ్లు కడగాలె."

అతను తల ఎత్తలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే నాకు అతను నచ్చాడనుకుంటాను.

పంచె ఎగగట్టి ఆ రెండు బూట్లతో మలుపు దాకా నడిచి వచ్చాను. గేటు దగ్గర ఆడవాళ్లు చూసి నవ్వారు. నవ్వనీ. ఎడమ కాలు దున్నిన చేలో పడినట్టు దిగబడిపోయింది. కుడి కాలు తడి ఇసుక మీద పడినట్టు, కొంచెం దిగి, మళ్లీ పైకి తోసింది. మలుపు దగ్గర నిజంగానే చీలమండ పక్కకు ఊగింది. రంగులు వేరుగా ఎందుకున్నాయో అప్పుడు అడిగాను.

"పైనున్న గుడ్డతోటి మాకు పని లేదు పెద్దాయనా. మిగిలిపోయిన గుడ్డ ఏదుంటె అది కుట్టిస్తరు. పరీక్షంత మధ్యల ఉన్న మెత్తకే. కింద రబ్బరు, పైన పాదం, నడుమ గీ మెత్త. రెండు రకాల మెత్తలు ఒక్క మనిషి తొడిగితెనే ఏది మంచిదో ఎరుకయితది. ఇయ్యాల ఒకటి, రేపొకటి తొడిగితె కాలు మర్చిపోతది."

"మరి మిట్ట మధ్యాహ్నం ఎందుకు?"

"ఎండకు మెత్త ఇంక మెత్తవడ్తది. చలికి బిర్రుగైతది. కొనుక్కున్నోడు అన్ని కాలాలల్ల తొడుగుతడు గద."

ఒక పాత ముక్క తెచ్చి అడ్డంగా కోసి చూపించాడు. కంటికి ఆనీ ఆననట్టు, గసగసాల కన్నా చిన్న గదులు. ఒక్కొక్క గదిలో గాలి ఉంటుందనీ, ఏ గదికీ తలుపు లేదనీ చెప్పాడు. కాలు పడితే గది నలుగుతుంది. గాలి ఎక్కడికీ పోలేదు కాబట్టి మళ్లీ లేస్తుంది. ఒళ్లు రుద్దుకునే స్పంజికైతే అన్ని గదులకూ తలుపులే, అందుకే నీళ్లు తాగుతుంది. ఆ ముక్కను మగ్గులో వేస్తే తేలింది. తీసి దులిపితే పొడిగానే ఉంది.

ఇంత చెప్పినా నా మొహంలో సందేహం పోలేదేమో, ఇలా అడిగాడు.

"లారీ మీదికెళ్లి పుచ్చకాయ ఇసిరితె మీరెట్ల పడ్తరు?"

"చేతులు ఎనక్కి తీస్కుంట పడ్త."

"ఎందుకు?"

"తీస్కోకుంటె పగుల్తది గద."

"గంతే. కాయ బరువేం తగ్గలే. ఆగే తొందర తగ్గింది. మనం ఉరికితె మన కాలు గూడ పుచ్చకాయ తీర్గనే నేల మీద పడ్తది. నేలకు చేతులు లేవు ఎనక్కి తీస్కోనీకి. గా పని గీ మెత్త జేస్తది."

ఎన్నో ఏళ్లుగా విసిరిన కాయలు పట్టిన చేతులు నావి. ఎందుకు వెనక్కి తీస్తానో ఎప్పుడూ ఆలోచించలేదు.

చాయ్ తాగాక, అసలు అడగడానికి వచ్చింది అడిగాను. "బాబూ, కాళ్ల మీద బతుకు నీది. రేపు కాళ్లు పోతె నా బిడ్డ సంగతేంది?"

అతను గ్లాసు అడుగున మిగిలిన చాయ్ చూస్తూ కూర్చున్నాడు.

"పోవని ప్రమాణం జెయ్యలేను. పైలంగ సూసుకుంట. గంతకంటె ఎక్కువ చెప్తె అబద్ధమైతది."

బస్సులో తిరిగి వస్తూ ఆ మాటే ఆలోచించాను. గట్టిది గట్టిదనీ, మెత్తది మెత్తదనీ చెప్పడమే పనిగా ఉన్న మనిషి. ఆ నోరు అబద్ధానికి అలవాటుపడితే ఆ పనికి పనికిరాడు. అలాంటివాడు నా బిడ్డతోనూ నిజమే చెబుతాడు. మంచి మాటలు చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. బిడ్డను ఇవ్వాల్సి వస్తే ఇలాంటివాడికే ఇవ్వాలనిపించింది.

ఇంట్లో చెబితే బామ్మర్ది నెత్తి కొట్టుకున్నాడు. "పోయినోనివి పోయినట్టు రాక, బూటు తొడిగించుకొని వచ్చినవా? నిన్ను గూడ పిచ్చోన్ని జేసిండు బావా."

"అవు" అన్నాను.

మెత్త సంగతి మా ఇంటిదానికి ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే, ఆమే అందుకుంది. "గింతేనా? గిది మాకు ఎరుకే. నెత్తి మీద కుండ కింద పెట్టుకునే సుట్టబట్ట. మరీ మెత్తగ సుడితె కుండ ఊగుతది, గట్టిగ సుడితె మెడ గుంజుతది. మీ మొగోళ్లకు గిది తెలుసుకోనీకి కంపెనీ పెట్టాలె."

తర్వాత ఈ మాట చెబితే అల్లుడు పడిపడి నవ్వాడు. కంపెనీలో అందరికీ చెప్పాడట. అప్పటి నుంచి కొత్త మెత్త ఏదైనా చీలమండను ఊపితే, "అత్తమ్మ కుండ కింద పడ్తది గిది" అనేవాడట.

పెళ్లి మా చర్చిలోనే అయింది. పెళ్లికొడుకు నల్ల తోలు బూట్లు వేసుకున్నాడు. ప్రమాణాలు అయ్యేసరికి అవి రెండు మడమలనూ కరిచేశాయి. ఫొటోలో అతను నవ్వుతున్నట్టు కనిపించేది అసలు నొప్పి.

పెళ్లయ్యాక ఒకసారి నన్ను కంపెనీ లోపలికి తీసుకువెళ్లి మెత్త ఎలా పుడుతుందో చూపించాడు. తెల్లటి గింజలు, పొడులు కలిపి రోలర్ల మధ్య రొట్టెలా ఒత్తుతారు. దాన్ని ముక్కలు చేసి వేడి అచ్చులో పెట్టి బిగిస్తారు. కాసేపటికి అచ్చు తెరవగానే, లోపలి పలక ఒక్కసారిగా ఎగిరి బయటికి దూకింది. అచ్చు కన్నా చాలా పెద్దది. అంత పెద్దది అంత చిన్న దాంట్లో ఎలా పట్టిందో తెలియలేదు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. పనివాళ్లు నవ్వారు.

"భయపడకు మామా. నూనెల ఏసిన పూరీ అనుకో. పొడి వేడికి గాలి అయింది, గాలికి కడుపు ఉబ్బింది."

పక్కన రాక్‌ల మీద పలకలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఇవి కోయరా అని అడిగాను. "చల్లారుకుంట ఇంక గుంజుకుంటయి. అవి ఆగినంకనే మనం కొయ్యాలె. తొందరపడితె, కోసినంక గూడ గుంజుకొని, ఎడమదొక తీరు కుడిదొక తీరు అయితది" అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా "చల్లారనియ్యి, తర్వాత కొయ్యి" అనడం అలవాటైపోయింది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏది కనిపించినా బొటనవేలితో ఒత్తి చూసేవాడు. బస్సు సీటు, బేకరీలో బన్ను, చర్చిలో మోకరించే దిండు. ఒత్తి, వదిలి, అది ఎంతసేపట్లో లేస్తుందో చూసేవాడు. మా ఇంటిది ఇడ్లీ పెడితే ముందు ఒత్తేవాడు. "తినేదా, పరీక్ష చేసేదా?" అని ఆమె కసురుకునేది. "పాసయింది అత్తమ్మా" అని నోట్లో వేసుకునేవాడు.

బూట్ల విషయంలో నాకు ఒక మాట పదేపదే చెప్పేవాడు. పైన గుడ్డ కొత్తగా ఉందని మోసపోవద్దు. లోపల గదులు నలిగి నలిగి చచ్చిపోతాయి. పక్క నుంచి చూస్తే మెత్త మీద ముడతలు కనిపిస్తాయి, ముసలివాళ్ల కంటి కొసల్లో ఉన్నట్టు. అప్పుడు వదిలెయ్యాలి. ఇంకో మాట కూడా. ఒకే జతను రోజూ తొడగొద్దు. "ఒక పొద్దు ఇడిచిపెట్టు. అణిగిన గది లేవనీకి దానికి గూడ విశ్రాంతి దినం కావాలె మామా." మా పాస్టరుగారు ఇది విని ఒక ఆదివారం ప్రసంగంలో చెప్పారు. అల్లుడు వెనక వరుసలో తల దించుకుని కూర్చున్నాడు.

అన్నిటికన్నా నాకు ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. జ్వరం ఉంటే పరీక్షకు పరుగెత్తేవాడు కాదు. ఇంట్లో గొడవపడి వచ్చినా పరుగెత్తేవాడు కాదు. "కొట్లాడిన పొద్దు ఏ బూటైనా గట్టిగనే ఉంటది. ఆ పొద్దు నా కాలు మాట నమ్మొద్దు" అని కంపెనీ పెద్దవాళ్లతో చెప్పి వేరే పని చేసుకునేవాడట. అందువల్ల వాళ్లింట్లో పొద్దున పూట గొడవపడకూడదని ఒక ఒప్పందం ఉండేది. ఏదన్నా ఉంటే సాయంత్రానికి. సాయంత్రానికి మా బిడ్డ చాలావాటిని మర్చిపోయేది. "గిట్ల మోసం జేస్తడు నాయినా, కొట్లాడనియ్యడు" అని నాతో ఫిర్యాదు చేసేది. ఆ ఫిర్యాదు వినడానికే నేను వాళ్లింటికి వెళ్లేవాణ్ణి.

కొన్నేళ్ల క్రితం కంపెనీలోకి మిషను వచ్చింది. పై నుంచి ఒక బరువు పదేపదే మెత్త మీద పడుతుంది. ఎంత దిగింది, ఎంత తిరిగి లేచింది, అన్నీ అదే గీత గీసి చూపిస్తుంది. ఇక అల్లుడి పని పోయిందనుకుని నాకు గుబులు పుట్టింది. కాళ్లు పోతే ఎలా అని అడిగానే గాని, కాళ్లు ఉండగానే పని పోతుందని అనుకోలేదు. ఆయనకు మాత్రం ఏ బెంగా లేదు.

"తోడు దొరికింది మామా. దానికి అలుపు లేదు, నాకు ఊగుడు తెలుస్తది. అది పొద్దంత కొడ్తది, నేను కాసేపు ఉరుకుత."

అలాగే జరిగింది. మిషను మీద నెగ్గిన మెత్తనే ఆయనకు ఇచ్చేవారు. పోయిన చలికాలం దాకా పరుగెత్తాడు. మోకాళ్లు చెక్కుచెదరలేదు. నాకు కర్ర వచ్చింది గాని ఆయన మెట్లు ఇంకా రెండేసి ఎక్కేవాడు. చివరికి పోయింది కాలేయం. ఆ వైపు నుంచి వస్తుందని మేమెవరం కాపలా కాయలేదు.

దవాఖానాలో చివరిసారి చూసినప్పుడు కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. నేను మంచం పక్కన కూర్చోగానే, బొటనవేలితో పరుపు ఒత్తి చూపించాడు.

"లేస్తలేదు సూడు మామా. ఎంతమందిని మోసిందో పాపం."

చెయ్యి పట్టుకున్నాను. అంతే మా మాటలు.

రామంతాపూర్‌లో వాళ్ల గల్లీ ఇరుకు. బండి లోపలికి రాదు. పెట్టెను భుజాల మీద మోసుకుంటూ రోడ్డు దాకా, అక్కడి నుంచి సమాధుల తోట దాకా నడవాలి. సోమవారం మోయడానికి కంపెనీవాళ్లు వచ్చారు. పని మధ్యలోంచి అలాగే వచ్చారు. అందరి కాళ్లకూ అవే బూట్లు. నేను కర్రతో వెనక నడుస్తున్నాను. పాట ఆగినప్పుడు గమనించాను. అంతమంది నడుస్తున్నా అడుగుల చప్పుడు లేదు. నా కర్ర చప్పుడొక్కటే. పెట్టె ఎక్కడా కుదపకుండా, నీళ్ల మీద పోతున్నట్టు పోయింది.

మా బిడ్డ నా భుజం పట్టుకుని నడుస్తోంది. అప్పటిదాకా ఏడవలేదు. తోట గేటు దగ్గర ఆగి, నాకొక్కడికే వినిపించేలా అంది.

"నాయినా, ఆయన ఉరుకుతుంటె నేను ఒక్కసారి గూడ సూడలే."

నిజమే. ఆయన పరుగంతా కంపెనీ వేళల్లో, ఆ రోడ్డు మీద. ఆమె ఇంట్లో. పెళ్లికి ముందు మేనమామ చూశాడు, నేను చూశాను. ఆ మనిషితో ఇన్నేళ్లు బతికిన ఆమె మాత్రం చూడలేదు. రోజూ చూడొచ్చు అనుకున్నది ఎప్పుడూ చూడం. ఇప్పుడు సాయంత్రాలు నా దగ్గర కూర్చుని, ఎలా పరుగెత్తేవాడో చెప్పమంటుంది. నేను చూసింది ఒక్క రోజు. నాకున్న మాటలు కొన్నే. అవి అయిపోయాయి.

అందుకే ఈ రాత. ఉప్పల్ నుంచి నాచారం పోయే రోడ్డు మీద ఇన్నేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు మీరు బస్సు కిటికీలోంచో, దుకాణం అరుగు మీది నుంచో ఆయనను చూసి ఉంటారు. నవ్వి కూడా ఉంటారు. పరవాలేదు, నవ్వామనే రాయండి. చేతులు ఎలా ఊపేవాడు, తల ఎత్తి పరుగెత్తేవాడా దించుకునా, ఎండలో ఆయన నీడ ఏ పక్కన పడేది, ఏది గుర్తుంటే అది. ఒక కార్డు ముక్క చాలు. నా చిరునామా పత్రికవారు ఇస్తారు. పోస్టుమాను వచ్చే వేళకు నా బిడ్డ రోజూ గడపలో నిలబడుతోంది. జవాబు తొందరగా రాయండి.